‘డ్రింక్’ అంటే ‘తాగు’ అని రాసుకుంటే సరిపోదు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం ప్రాంతాల్లో తెలుగు పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాళ్ళం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. సరిహద్దు దాటి వచ్చే మీ పత్రికను ఇక్కడి పిల్లలు శ్రద్ధగా చదువుతారు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు ఉన్న పిల్లలకు రోజూ చేతికందే తెలుగు అచ్చు పత్రికే. అందుకని మీ పేజీల్లో తరచూ కనిపించే ఒక ఇంగ్లీషు మాట గురించి వివరంగా చెప్పాలనుకున్నాం. ఆ మాట ‘డ్రింక్’. ఒకటో తరగతి మాట. ‘డ్రింక్ అంటే తాగు’ అని నోటుపుస్తకంలో రాసుకుని పేజీ తిప్పేస్తారు. తరవాత అర్జీలోనో, ఆస్పత్రి చీటీలోనో, మందు సీసా మీదో అదే మాట ఎదురైనప్పుడు ఆ ఒక్క అర్థం అక్కరకు రాదు.

ముందు మీ శీర్షికల సంగతి. ‘డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులు’ అని దాదాపు అన్ని తెలుగు పత్రికలూ రాస్తున్నాయి, మీరూ రాస్తున్నారు. ఇది ఇంగ్లీషులో కుదరని కూర్పు. ‘డ్రంక్’ అన్నది మనిషి ఉన్న స్థితి, ‘డ్రైవ్’ అన్నది చేసే పని. రెంటినీ ‘అండ్’తో కడితే తెలుగులో ‘తాగి ఉన్న, నడుపు’ అన్నట్టు ఉంటుంది. రోడ్డు పక్క బోర్డు మీద ఉండే ‘డోంట్ డ్రింక్ అండ్ డ్రైవ్’ తప్పు కాదు. అక్కడ రెండూ క్రియలే: తాగి బండి నడపకు. ఆ బోర్డులో మాటా, కేసు కాగితంలో మాటా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఈ ‘డ్రంక్ అండ్ డ్రైవ్’ పుట్టినట్టుంది. నేరం పేరు కావాలంటే బ్రిటిషువాళ్ళు ‘డ్రింక్ డ్రైవింగ్’ అంటారు, అమెరికావాళ్ళు ‘డ్రంక్ డ్రైవింగ్’ అంటారు, మన కోర్టు కాగితాల్లో ఎక్కువగా ‘డ్రంకెన్ డ్రైవింగ్’ అని కనిపిస్తుంది. మూడూ సరైనవే.

ఈ పేర్ల తేడాలో చట్టానికి సంబంధించిన విషయం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను శీర్షికలో ‘డ్రంకెన్ పర్సన్’ అని ఉంటుంది కానీ, లోపల కొలత మాత్రం తూలుతున్నాడా లేదా అన్నది కాదు. శ్వాస పరీక్షలో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఆల్కహాలు తేలితే నేరమే. మొదటిసారి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి 2 ఏళ్ళ వరకు జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. 2019 సవరణతో జరిమానాలు ఈ స్థాయికి వచ్చాయి. కాబట్టి ‘నేను తాగాను గానీ మత్తులో లేను’ అన్న వాదనకు అక్కడ విలువ లేదు. ‘ఐ హ్యాడ్ ఎ డ్రింక్, బట్ ఐ వజ్ నాట్ డ్రంక్’ అన్న వాక్యం ఇంగ్లీషుగా నిజం కావచ్చు, అయినా కేసు నిలుస్తుంది. ఈ సంగతి పాఠకుడికి తెలియాలంటే తాగడానికీ మత్తులో ఉండడానికీ ఇంగ్లీషులో వేరువేరు మాటలున్నాయని తెలియాలి.

‘ఎ డ్రింక్’ అన్న నామవాచకంలోనూ ఇలాంటి ప్రమాదం ఉంది. ఆరోగ్యశాఖ కరపత్రాల్లో ‘స్టాండర్డ్ డ్రింక్’ అని ఉంటే అది గ్లాసుల లెక్క కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళిలో ఒక స్టాండర్డ్ డ్రింకు అంటే సుమారు 10 గ్రాముల శుద్ధ ఆల్కహాలు. మన దగ్గర విస్కీ, బ్రాందీ సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. దానిలో 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గు తీసుకుంటే ఆల్కహాలు 12.84 మిల్లీలీటర్లు. ఆల్కహాలు నీటికంటే తేలిక, మిల్లీలీటరుకు 0.789 గ్రాములే కాబట్టి 10 గ్రాములకు కాస్త పైన తూగుతుంది. అంటే చిన్న పెగ్గు ఒక డ్రింకు, పెద్ద పెగ్గు రెండు. 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసా ఆరు డ్రింకులు. 650 మిల్లీలీటర్ల బీరు 5 శాతందైతే రెండున్నర, 8 శాతం స్ట్రాంగ్ బీరైతే నాలుగు. ‘ఒక్క క్వార్టరు సీసాయే కదా’ అన్నవాడు డాక్టరు అడిగినప్పుడు ‘ఒకటి’ అని చెబితే కేసుషీటులో ‘వన్ డ్రింక్’ అని పడుతుంది. అసలు తాగింది దానికి ఆరు రెట్లు. ఈ లెక్క ఇంత తాగి బండి నడపొచ్చని చెప్పడానికి కాదు. మనిషి బరువును బట్టి, తిండిని బట్టి రక్తంలో తేలే పాళ్ళు మారిపోతాయి. డాక్టరుకు చెప్పేటప్పుడు సీసా కొలత, దాని మీది శాతం రెండూ చెప్పాలన్నదే మా మాట.

ఇక రూపాలు. డ్రింక్, డ్రాంక్, డ్రంక్. సింగ్, రింగ్, సింక్, ష్రింక్, స్విమ్, బిగిన్ కూడా ఈ వరసలోవే: మొదట ‘ఇ’, గతానికి ‘ఆ’కు దగ్గరగా, మూడో రూపానికి ‘అ’. ‘బ్రింగ్’, ‘థింక్’ చూడ్డానికి అలాగే ఉన్నా ఈ వరసలోకి రావు. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ‘ఐ డ్రంక్ వాటర్’ అనడం. మూడో రూపం ఒంటరిగా నిలబడదు, పక్కన ‘హావ్’ ఉండాలి. ఆ ‘హావ్’ బదులు ‘యామ్’ పెడితే అర్థమే తిరగబడుతుంది. ‘ఐ హావ్ డ్రంక్’ అంటే తాగాను, ఏమి తాగానో తరవాత చెబుతాను. ‘ఐ యామ్ డ్రంక్’ అంటే మత్తులో ఉన్నాను. ఈ తేడా తెలుగువాళ్ళకు కష్టం కాకూడదు, ఎందుకంటే మన భాషలోనూ అచ్చంగా ఇదే ఉంది. ‘తాగాను’ వేరు, ‘తాగి ఉన్నాను’ వేరు. ‘తాగి ఉన్నాడు’ అని ఎవరైనా అంటే మజ్జిగ తాగి ఉన్నాడని మనం అనుకోం. తరగతిలో వ్యాకరణం పేర్లు చెప్పకుండా ఈ జతను పక్కపక్కన రాస్తే చాలు, పిల్లలు మళ్ళీ తప్పు చెయ్యరు.

స్కానింగుకు వెళ్ళేవాళ్ళకు ఇది నేరుగా పనికొస్తుంది. కడుపు స్కానింగుకు మూత్రాశయం నిండి ఉండాల్సి వచ్చినప్పుడు ‘హావ్ యు డ్రంక్ ఎనఫ్ వాటర్?’ అని అడుగుతారు. చెవికి ‘డ్రంక్’ ఒక్కటే తగిలి, అవమానించారనుకుని ముఖం చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు. ‘డ్రంకెన్’ మరో రూపం. ఇది ఇప్పుడు పేరు ముందు విశేషణంగానే వస్తుంది: ‘డ్రంకెన్ మ్యాన్’, ‘డ్రంకెన్ బ్రాల్’. బహిరంగ స్థలంలో తాగి అల్లరి చెయ్యడం గురించిన భారతీయ న్యాయ సంహిత 355వ సెక్షనులోనూ ‘డ్రంకెన్ పర్సన్’ అనే ఉంటుంది. ‘హి ఈజ్ డ్రంకెన్’ అని మాత్రం ఇవాళ ఎవరూ రాయరు.

ఏం తాగుతాడో (కర్మ) చెప్పకుండా ‘డ్రింక్’ అంటే మద్యమే. ‘డజ్ హి డ్రింక్?’ అన్న ప్రశ్నకు ‘అవును, రోజుకు మూడు లీటర్ల నీళ్ళు’ అన్నది జవాబు కాదు. తెలుగులోనూ అంతే: ‘ఆయన తాగుతాడా?’ అని పెళ్ళిచూపుల ముందు వాకబు చేసేది కాఫీ గురించి కాదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారన్న సామెత ఈ మాటకూ చెల్లుతుంది. ఏం తాగాడో చెప్పకపోతే చెట్టును బట్టి ఊహిస్తారు. ఇక్కడ ఒక అందమైన సంగతి చెప్పాలి. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న ఈ మాటను తెలుగువాళ్ళు రెండుగా విడగొట్టి వాడుకుంటున్నారు. ‘డ్రింకు తాగాడు’ అంటే రంగు సీసాలోని తీపి సోడా. ‘డ్రింక్ చేశాడు’ అంటే మద్యం. వెనక క్రియ మారితే లోపలి పదార్థం మారుతుంది. ఇంగ్లీషులో ఈ సౌకర్యం లేదు. అందుకే వాళ్ళు ‘సాఫ్ట్ డ్రింక్’ అని ముందు విశేషణం తగిలించుకోవలసి వచ్చింది; ఘాటైన మద్యం ‘హార్డ్’ గనక ఇది ‘సాఫ్ట్’. మన ‘కూల్ డ్రింక్’, ఒడియావాళ్ళు ఏకవచనంలో కూడా వాడే ‘కోల్డ్ డ్రింక్స్’ మన దేశంలో బాగానే చెల్లుతాయి. పరీక్షలో మాత్రం ‘సాఫ్ట్ డ్రింక్’ రాయమని చెబుతాం. ఇంటికొచ్చిన అతిథిని ‘వుడ్ యు లైక్ ఎ డ్రింక్?’ అని అడగడం కంటే ‘వుడ్ యు లైక్ సమ్‌థింగ్ టు డ్రింక్?’ అనడం మంచిది. మొదటిదాంట్లో మద్యం వాసన తగలొచ్చు. రెండోదాంట్లో మంచినీళ్ళకూ చోటుంది.

ఈ మాట వల్ల మా ప్రాంతంలో నిజంగా నష్టం జరిగే చోటు అర్జీలు. వేసవి రాగానే బోర్లు ఎండిపోతాయి, ఊరివాళ్ళు బ్లాకు అభివృద్ధి అధికారి (బి.డి.ఓ.) గారికో కలెక్టరు గారికో ఇంగ్లీషులో అర్జీ రాయిస్తారు. చాలావాటిలో విషయం దగ్గర ‘డ్రింకింగ్ ప్రాబ్లమ్ ఇన్ అవర్ విలేజ్’ అని ఉంటుంది. ఇంగ్లీషు తెలిసిన అధికారి దాన్ని ‘మా ఊళ్ళో తాగుబోతుల బెడద’ అనే చదువుతాడు. ‘డ్రింకింగ్ ప్రాబ్లమ్’ అన్న జత ఇంగ్లీషులో తాగుడు వ్యసనానికి స్థిరపడిపోయింది. కింద నాలుగు వాక్యాలు చదివితే అర్థమవుతుంది నిజమే, కానీ విషయం గీతను చూసి కాగితాలు వేరుచేసే గుమాస్తా దాన్ని ఆబ్కారీ కట్టలో వేస్తే ఊరికి నీళ్ళు వచ్చేదెప్పుడు? ‘స్కేర్సిటీ ఆఫ్ డ్రింకింగ్ వాటర్’ అని రాయాలి. నీరు ఉండి బాగోకపోతే ‘అన్‌సేఫ్ డ్రింకింగ్ వాటర్’ అనాలి. కింద వార్డు నంబరు, ఎన్ని గొట్టపుబావులు, వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయి, ఏ తేదీ నుంచి, ఎంత దూరం నుంచి మోసుకొస్తున్నారు అన్నవి అంకెల్లో రాస్తే అధికారి వెంటనే పని మొదలుపెట్టడానికి వీలుంటుంది.

నీటి విషయంలో ‘డ్రింకింగ్ వాటర్’ అన్నది ఊరికే అలంకారం కాదు, కొలతలున్న మాట. భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 10500 అనే ప్రమాణం దీనికే. అందులో నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 2,000 వరకు ఒప్పుకుంటారు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5. నైట్రేటుకు 45 దాటితే ఏ మినహాయింపూ లేదు. అర్జీతో పాటు పరీక్ష కాగితం జతచేస్తే ఈ అంకెల పక్కన పెట్టి చూపించవచ్చు. అలాగే 20 లీటర్ల క్యానులో వచ్చే నీటిని మనమంతా ‘మినరల్ వాటర్’ అంటున్నాం, పత్రికల్లోనూ అలాగే వస్తోంది. అది మినరల్ వాటర్ కాదు. శుద్ధి చేసి సీసాల్లోనో క్యానుల్లోనో మూసి అమ్మేది ‘ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్’, దాని ప్రమాణం ఐ.ఎస్. 14543. సహజమైన ఊట నుంచి ఖనిజాల పాళ్ళు మార్చకుండా నింపేది ‘నేచురల్ మినరల్ వాటర్’, దానిది ఐ.ఎస్. 13428. సీసా మీద సన్నటి అక్షరాలు చదివితే రెండూ వేరని తెలుస్తుంది.

బోర్డుల మీద మరో తప్పు. వాడుకనీటి కుళాయి పైన ‘నో డ్రింకింగ్ వాటర్’ అని రాస్తున్నారు. దాన్ని ‘ఇక్కడ తాగునీరు దొరకదు’ అని కూడా చదవొచ్చు. ‘నాట్ ఫర్ డ్రింకింగ్’ అంటే సందేహం ఉండదు. ‘డ్రింకింగ్ ప్రొహిబిటెడ్’ అని కుళాయి మీద రాస్తే అది మద్య నిషేధం బోర్డు అవుతుంది. పూరీ పట్టణంలో 2021 జూలై 26న మొదలైన కుళాయి నీటి పథకానికి ‘డ్రింక్ ఫ్రమ్ ట్యాప్’ అని పేరు పెట్టారు. ఆ ‘ఫ్రమ్’ను పిల్లలకు చూపించమని అంటాం. తెలుగులో ‘గ్లాసుతో తాగు’, ‘గ్లాసులో తాగు’ రెండూ అంటాం. ఒడియాలో ‘రే’ అన్న ఒక్క ప్రత్యయమే ‘లో’కూ ‘తో’కూ పనిచేస్తుంది. రెండు వైపుల నుంచీ ఒత్తిడి వచ్చి మా పిల్లలు ‘డ్రింక్ ఇన్ గ్లాస్’, ‘డ్రింక్ విత్ గ్లాస్’ అని రాస్తారు. ఇంగ్లీషు నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూస్తుంది కాబట్టి ‘ఫ్రమ్ ఎ గ్లాస్’, ‘అవుట్ ఆఫ్ ఎ గ్లాస్’. గొట్టంతో పీల్చితే ‘త్రూ ఎ స్ట్రా’. మనం చెంబు ఎత్తి, మూతి తగలకుండా ధారగా పోసుకుని తాగే పద్ధతికి ఇంగ్లీషులో ఒక్క మాట లేదు, ఎంగిలికీ లేదు. అక్కడ వాక్యమే రాయాలి.

టీ ఇచ్చే దగ్గర ఇంకో చిక్కు. ‘టీ తాగుతారా?’ అని తెలుగులో అడిగితే అది అలవాటు గురించి కావచ్చు, ఇప్పుడు ఇమ్మంటారా అనీ కావచ్చు. మన ‘తాగుతారు’ రెండు కాలాలకూ ఒకటే. కాబట్టి పిల్లలు ‘డు యు డ్రింక్ టీ?’ అని అతిథిని అడుగుతారు. అది అలవాటు ప్రశ్న. ‘అవును, తాగుతాను’ అని ఊరుకుంటాడు, కప్పు మాత్రం రాదు. ఇమ్మంటారా అన్న అర్థానికి ‘వుడ్ యు లైక్ సమ్ టీ?’ లేదా ‘విల్ యు హావ్ టీ?’ కావాలి. మా పిల్లలకు దీన్ని తెలుగు నుంచి కాక ఒడియా నుంచి చెప్పడం సులువు. ‘ఆపణ చా పిఅన్తి కి?’ అంటే అలవాటు, ‘ఆపణ చా పిఇబే కి?’ అంటే ఇప్పుడు. రోజూ నోట్లో నానే ఒడియాలో ఆ తేడా సిద్ధంగా ఉంది. రెండు భాషలు రావడం పిల్లలకు బరువని అనేవాళ్ళు ఈ ఒక్క ఉదాహరణ చూడాలి.

ఆస్పత్రి దగ్గరికి వస్తే పొరపాటు ఖరీదు పెరుగుతుంది. తెలుగులో చుట్ట కూడా తాగుతాం. ‘ధూమపానం’ అన్న సంస్కృతం మాటకే పొగ తాగడమని అర్థం. దీనికి మనం సిగ్గుపడనక్కర్లేదు. ఇంగ్లండుకు పొగాకు కొత్తగా వచ్చిన రోజుల్లో వాళ్ళూ ‘డ్రింక్ టొబాకో’ అనే అన్నారు, తరవాతే ‘స్మోక్’ స్థిరపడింది. ఇప్పుడు మాత్రం ఇంగ్లీషులో పొగను తాగరు. ఒడియాలో ‘బిడి టాణిబా’ అని లాగుతారు. మా పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళు నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అంగిలి మీద తెల్లమచ్చలు, పుండ్లు, కాన్సరు వచ్చే ప్రమాదం దానివల్ల ఎక్కువ. ‘ఏమైనా తాగుతావా అమ్మా?’ అని అడిగితే ఆమె ‘ఆఁ, తాగుతాను’ అంటుంది. ఒడియా మాత్రమే తెలిసిన సిబ్బందికి ఎవరో ‘డ్రింక్స్’ అని అనువదిస్తారు. కాగితంలో మద్యం పడుతుంది, అంగిలి చూడాలన్న ఆలోచన రాదు. పక్కనున్న చదువుకున్న పిల్లలు ‘షి స్మోక్స్, విత్ ద లిట్ ఎండ్ ఇన్‌సైడ్ హర్ మౌత్’ అని చెప్పగలిగితే డాక్టరు వెంటనే నోరు తెరిపించి చూస్తాడు.

‘మందు తాగాడు’ అన్న మన మాటకు మూడు అర్థాలున్నాయి: దగ్గుకు సిరప్పు, సాయంత్రం సారా, పొలంలో వాడే విషం. ఇంగ్లీషులో మూడూ వేరు. వైద్యం మందుకు ‘టేక్’ వాడాలి, మాత్రకైనా నీళ్ళమందుకైనా. మద్యానికి ‘డ్రింక్’. విషానికి ఆస్పత్రి కాగితాల్లో ‘కన్‌స్యూమ్డ్’ అనో ‘స్వాలోడ్’ అనో రాసి పక్కన రసాయనం పేరు రాస్తారు. 108కు ఫోను చేసినప్పుడు, అత్యవసర విభాగంలో చెప్పేటప్పుడు ‘మందు తాగాడు’ అని ఆపకూడదు. ఏ మందో, డబ్బా మీద పేరేమిటో చెప్పి, వీలైతే డబ్బానే తీసుకెళ్ళాలి. విరుగుడు దాన్ని బట్టే ఉంటుంది.

చీటీ మీద ‘డు నాట్ డ్రింక్’ అని ఉంటే అది ఎక్కడ ఉందో చూడాలి. మెట్రోనిడజోల్ వంటి మాత్రలతో ఆ మాట రాస్తే మద్యం ముట్టవద్దని. నీళ్ళు బాగా తాగవచ్చు. ఆపరేషను ముందు రోజు ‘నథింగ్ టు ఈట్ ఆర్ డ్రింక్’ అని ఇస్తే, చెప్పిన సమయం దాటాక నీళ్ళు, టీ కూడా కూడదు. కడుపులో ఉన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది గనక ఆ కట్టుబాటు. ‘డ్రింక్ ప్లెంటీ ఆఫ్ ఫ్లూయిడ్స్’ అన్నదాన్ని కొందరు ‘డ్రింకులు బాగా తాగించాలి’ అని అర్థం చేసుకుని విరేచనాల బిడ్డకు తీపి సోడా పట్టిస్తారు. అందులోని చక్కెర నీటిని పేగుల్లోకి లాగి విరేచనాలను పెంచుతుంది. ఫ్లూయిడ్స్ అంటే గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, అన్నిటికంటే ముందు ఓ.ఆర్.ఎస్. పెద్ద పొట్లం ఒకటి సరిగ్గా లీటరు మంచినీళ్ళలో కలిపి, 24 గంటలు దాటితే పారబోయాలి. ‘స్మాల్ సిప్స్’ అంటే గటగటా కాదు, చెంచాతోనో చిన్న గుక్కలుగానో. ఒక్కసారి పట్టిస్తే వాంతి అవుతుంది.

చోడి (రాగి) అంబలి గురించి పిల్లలు తరచూ అడుగుతారు: దానికి ‘ఈట్’ అనాలా, ‘డ్రింక్’ అనాలా? గ్లాసు ఎత్తి తాగితే ‘డ్రింక్’, గిన్నెలో చెంచాతో తింటే ‘ఈట్’. సూపుకూ ఇదే. పదార్థం చిక్కదనం కంటే పాత్ర ముఖ్యం. జీలుగు కల్లు, ఒడియావాళ్ళ సలప, నిస్సందేహంగా ‘డ్రింక్’.

కొన్ని పోలికలు రెండు భాషల్లోనూ ఒకటిగా పుట్టాయి. ‘జీతమంతా తాగేశాడు’ అంటే ‘హి డ్రాంక్ అవే హిజ్ వేజెస్’. ‘ఈ బండి పెట్రోలు తాగేస్తోంది’ అన్నదీ ఇంగ్లీషులో సరిగ్గా పలుకుతుంది. వంకాయ నూనె తాగితే మాత్రం ‘సోక్స్ అప్’ అనాలి. మూడు చెరువుల నీళ్ళు తాగించడం, ప్రాణం తోడెయ్యడం, రక్తం తాగడం ఇంగ్లీషులోకి మాటకు మాట పోవు. వాళ్ళ ‘డ్రింక్ ఇన్’, అంటే కళ్ళప్పగించి తనివితీరా చూడడం, మన ‘గ్రోలు’కు కొంత దగ్గర. ‘డ్రింక్ టు’ అంటే ఒకరి మేలు కోరి గ్లాసు ఎత్తడం. మనకా ఆచారం లేదు, తెలుగులో మాట వెతకనక్కర్లేదు.

‘త్రాగు’ రాయాలా ‘తాగు’ రాయాలా అని కూడా కొందరు ఉపాధ్యాయులు అడుగుతుంటారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం కూర్చి, పలికే తెలుగే రాతలో ఉండాలని జీవితాంతం వాదించిన గిడుగు రామమూర్తి పంతులు గారి ఊరివాళ్ళం మేము. ‘తాగునీరు’ అనే రాస్తాం, మీరూ అలాగే రాస్తున్నందుకు సంతోషం.

చివరగా, మీ వ్యవసాయం పేజీకి ఒక మనవి. ‘డ్రింక్’కు తోబుట్టువు ‘డ్రెంచ్’. పాత ఇంగ్లీషులో తాగడానికి ‘డ్రింకన్’ అంటే, తాగించడానికి ‘డ్రెంచన్’ అనేవారు. తెలుగులో తాగు, తాపు ఎలాగో అది అలాగ. బిడ్డకు పాలు తాపినట్టే పశువుకు మందు తాపడం ఇంగ్లీషులో ఇప్పటికీ ‘డ్రెంచింగ్’. నట్టల మందు సీసా మీద ‘ఓరల్ డ్రెంచ్’ అని ఉంటే నోట్లో పొయ్యమని. పోసేటప్పుడు తల కంటి ఎత్తుకు మించి పైకి లాగకూడదు, నాలుక పట్టి ఈడ్వకూడదు. గొట్టం మూతిని పెదవి మూలన, పళ్ళు లేని సందులోంచి దవడ వైపు పెట్టి, గుటక పడ్డాక మరికాస్త పొయ్యాలి. దగ్గితే వెంటనే ఆపి తల వదిలెయ్యాలి. తొందరపడితే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి పశువుకు నిమోనియా వస్తుంది. అదే ‘డ్రెంచ్’ పైరు మందు డబ్బా మీద ఉంటే అర్థం పూర్తిగా వేరు: మొక్క మొదలు చుట్టూ నేల తడిసేలా పొయ్యమని. ఎండుతెగులుకు కాపర్ ఆక్సీక్లోరైడు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి పొయ్యమనేది ఈ రెండో డ్రెంచింగే. ఒకే పేజీలో పశువుల వ్యాసం, మిరప వ్యాసం పక్కపక్కన వస్తాయి, రెంటిలోనూ ‘డ్రెంచింగ్ చేయాలి’ అని ఉంటుంది. దయచేసి ఒకచోట ‘నోట్లో తాపాలి’ అని, మరోచోట ‘మొక్క మొదలు చుట్టూ పొయ్యాలి’ అని అచ్చు వెయ్యండి.

ఇట్లు,
ఇంగ్లీషు ఉపాధ్యాయులు కొందరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా